తిరుపతయ్య గారి విమానానికి బొట్టు

ఆగమ్మా వేదా, ఆ గొట్టానికి బొట్టు పెట్టకు. చక్రాలకి పెట్టు, తలుపుకి పెట్టు, నిమ్మకాయలు ఎన్ని కావాలంటే అన్ని పెట్టు, రెక్క కింద ఆ చిన్న గొట్టం జోలికి మాత్రం పోకు. ఎందుకా? ఇలా నలుగురు కలిసి ఓ విమానం కొనుక్కోవడం ఇక్కడ మనవాళ్లకి నేర్పిందెవరనుకున్నావ్? తిరుపతయ్య గారు. కరీంనగర్ మనిషి. నువ్వు పుట్టకముందే పోయార్లే. అప్పట్లో టెక్సస్‌లో ఈ కాపెల్ ఊరంతా ఖాళీ పొలాలే, మీ ఇల్లున్న చోట ఆవులు మేసేవి, ఇప్పుడేమో పార్కింగే దొరకదు. ఎక్కడున్నాను? ఆ, పాత ట్రైనింగ్ విమానాలు కొని, రిపేర్ చేయించి, ఒక్కోటి నాలుగు కుటుంబాలకి కలిపి అమ్ముతానని బయల్దేరాడాయన. "కారు నడిపెటోనికి గిదేం కష్టం రావుగారూ, రోడ్డుకు గుంతలుంటయి, ఆకాశానికి ఉంటయా?" అనేవారు.

అందర్నీ పిలిచి ఎగిరి చూపించే రోజొచ్చింది. షెడ్డులో ఆరు విమానాలు, కొనేవాళ్లు ఒక్కరూ లేరు. ఆ రోజు జనానికి నమ్మకం కుదరకపోతే దుకాణం మూసుకోవడమే. వాళ్లావిడ నాగమల్లేశ్వరి గారు పూజ చేశారు. ఆవిడకి విమానమంటే వణుకు, ఒక్కసారీ ఎక్కిన పాపాన పోలేదు, పసుపు కుంకుమలకి మాత్రం లోటు చెయ్యలేదు. ఆ గొట్టం ముక్కులా పొడుచుకొచ్చిందని దానికీ ఇంత పసుపు ముద్ద పెట్టి బొట్టు దిద్దారు. అందులోకి గాలి దూరితేనే కదా లోపల స్పీడు తెలిసేది! ఈయనేమో వచ్చినవాళ్లతో కబుర్లలో పడి చూసుకోలేదు. పక్క సీట్లో నేను. పైకి లేచాక చూస్తే స్పీడు ముల్లు సున్నా దగ్గరే ఉంది. నా పంచప్రాణాలూ అక్కడే పోయాయనుకో. ఆయన మాత్రం, "ఇంజిను సప్పుడు ఇనుకుంట దించుతా, మీరు గమ్మున కూసోండ్రి" అన్నారు. దించారమ్మా, పువ్వు పెట్టినట్టు. కింద చప్పట్లు.

పార్ట్‌నర్ లోకేష్ పరిగెత్తుకొచ్చి, సంగతి విని, ఎవరికీ చెప్పొద్దని చెవిలో గొణిగాడు. ఈయన వింటేనా! అందరి ముందూ నిలబడి, "స్పీడు ముల్లు లేవలే. గొట్టం మూస్కపోయింది. ఎగిరేముందు నేను జూస్కోవాలె, జూస్కోలే. తప్పు నాది" అనేశారు. బొట్టు మాటే ఎత్తలేదు. జనం మెల్లగా కార్ల వైపు నడవడం మొదలెట్టారు. ఆవిడ మాత్రం, దిగగానే గొట్టం తడిమి చూసిన ఆయన వేలికంటిన పసుపు చూసేశారు. గాజులకున్న పిన్నీసు తీసి, గొట్టం తనే శుభ్రం చేశారు. మెకానిక్ పరీక్ష చేసి సరేనన్నాడు. అప్పుడు కొంగు దోపుకుని, వణుకుతూనే ఎక్కి కూర్చుని, "నడువుండ్రి, మళ్లొకసారి లేపుండ్రి" అన్నారు మొగుడితో. కార్ల దగ్గరివాళ్లు ఎక్కడివాళ్లక్కడే ఆగిపోయారు. ఆవిడ దిగేసరికి ముందు లైను కట్టింది ఆడవాళ్లే. ఏడాది తిరిగేసరికి షెడ్డు ఖాళీ. ఆ తర్వాత ఇంకెన్ని అమ్మారో, మనవాళ్లందరికీ ధైర్యం చవగ్గా దొరికేలా చేశాడు మహానుభావుడు. అందరూ కొన్నారు, నేను తప్ప. ఆ రోజు తర్వాత నేను చిన్న విమానం ఎక్కితే ఒట్టు.

మీ అమ్మ భయపడి కారు దిగనంటోందని దిగులు పడకు. అద్దంలోంచి చూస్తోందిగా, చాలు. ఇంతకీ నాతో మాటల్లో పడి నువ్వు గొట్టం చూసుకున్నావా? లేదు కదూ? వెళ్లు, వంగి చూడు... బాగుందా? మళ్లీ చూడు. సరే, ఈ చేతికర్ర మీ అమ్మకిచ్చిరా. విమానం తలుపు పట్టుకో, నీ పక్క సీట్లో నేను కూర్చుంటా.