కాకి బాణం

నలభై గజాలా? ఎవరు చెప్పారమ్మా నీకు నలభై గజాల నుంచి సాధన చెయ్యమని? కొట్లో వాడా. వాడు విల్లులు అమ్ముకునేవాడు, మార్లా, వాడికేం, నాలుగొందల గజాలంటాడు. ముందా విల్లు కింద పెట్టి ఇలా కూర్చో. కాఫీ తాగుతావా? వద్దా, సరే నేను తాగుతా. నీకు మా ఆర్విడ్ బావ సంగతి చెప్పాలి. మా సెల్మా అక్క మొగుడు. నువ్వు పుట్టకముందే పోయాడులే. ఈ లోయలో అంతటి విలుకాడు లేడని పేరు. పేరంటే ఎవరో పెట్టింది కాదు, సగం ఆయనే చెప్పుకునేవాడు.

అప్పట్లో మా చర్చి వెనక పచ్చికలో శనివారం శనివారం అందరం చేరేవాళ్ళం. ఇరవై, ముప్ఫై, నలభై గజాల దగ్గర సున్నం కొట్టిన గుంజలుండేవి. గడ్డిమోపుకి ఒక కాగితం పళ్ళెం గుచ్చేవాళ్ళం. జింక గుండే ఊపిరితిత్తులూ ఆ పళ్ళెమంత చోట్లోనే ఉంటాయి మరి, అందులో పడితేనే లెక్క. ఇంకో ఆనవాయితీ ఉండేది. ఎవడేసినా మొదటి బాణం లెక్కలోకి రాదు. అది కాకులకి. చెయ్యి వేడెక్కడానికన్నమాట. కాకి బాణం అనేవాళ్ళం. నవ్వకు, మా నాన్న కాలం నుంచీ అంతే. ఆర్విడ్ బావ కాకి బాణం ఎక్కడెక్కడికో పోయేది, ఓసారి పాస్టరుగారి కారు టైరులో దిగింది. రెండోదాన్నించి మాత్రం నలభై గజాల నుంచి టకటకా అన్నీ పళ్ళెంలోనే. ఇహ చూసుకో, ఆ సాయంత్రమంతా ఆయన మాటలు వినలేక చచ్చేవాళ్ళం.

ఓ ఏడు అక్టోబరులో మంచె మీంచి ముప్ఫై అయిదు గజాల్లో ఉన్న ఆడ జింకని కొట్టాడు. కడుపులో తగిలింది. పారిపోయింది. రెండు రోజులు వెతికాం, ఆయనా నేనూ, రక్తపు జాడ పట్టుకుని వాగు దాకా పోయాం. వాగు దాటాక జాడ లేదు. మూడో రోజు అక్కే చూసింది, మొక్కజొన్న చేలో పడి ఉంది, మాంసం కూడా పనికిరాదు. బావ అన్నం మానేశాడు. మంచె విరగ్గొట్టేస్తానన్నాడు. "ఇంకొక్కటి అలా చచ్చిందంటే విల్లు పొయ్యిలో పెడతా" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూడటం నాకదే మొదలు.

మా అక్క ఊరుకునే మనిషి కాదు. బంగాళాదుంపలు వడ్డిస్తూ వడ్డిస్తూ, "జింక నీ రెండో బాణం దాకా నిలబడుతుందా?" అంది. అంతే. ఏళ్ళ తరబడి మేం లెక్కలోంచి తీసేసిన మొదటి బాణమే అడవిలో మనకుండే ఒకే ఒక్క బాణం, చూశావా?

మర్నాటి నుంచీ ఆవిడ బట్టలారెయ్యడానికి వెళ్ళినప్పుడల్లా ఇంటి దగ్గరున్న గడ్డిమోపుని తన ఇష్టం వచ్చిన చోటికి లాగేసేది. ఓ రోజు కోళ్ళ గూడు పక్కన, ఓ రోజు బావి దగ్గర. ఎన్ని గజాలో చెప్పదు. ఈయన పొద్దున్నే వరండాలోకొచ్చి ఒక్క బాణం వెయ్యాలి. ఒక్కటే. పళ్ళెంలో పడితే తీగ మీద ఓ బట్టల క్లిప్పు పెట్టేది, పోతే లేదు. ఆ తర్వాతే అడుగులు కొలుచుకోవాలి. చలికాలం పోయేసరికి తేలిందేమిటంటే, ఇరవై రెండు గజాల లోపల ఒక్కటీ తప్పలేదు. దాటితే నమ్మకం లేదు. నలభై గజాల వీరుడు ఇరవై రెండుకి దిగాడు. మంచె చుట్టూ ఇరవై రెండు గజాల్లో చెట్లకి ఎర్ర గుడ్డపేలికలు కట్టుకున్నాడు. మేం ఊరుకుంటామా, ఆయన పేరే ఇరవైరెండు చేసేశాం. ఓసారి ఇంత కొమ్ములున్న జింక పేలికకి రెండడుగులవతల నిలబడితే, దాన్ని చూస్తూ జున్ను రొట్టె తిన్నాట్ట. నేనైతే వారం రోజులు ఏడిపించా. కానీ అమ్మాయ్, పదకొండేళ్ళలో ఆయన బాణం తగిలి దొరక్కుండా పోయిన జింక లేదు. నావి రెండున్నాయి. అవి అడక్కు.

అన్నేళ్ళూ అక్క గడ్డిమోపు లాగుతూనే ఉంది, తర్వాత ఓ ఏప్రిల్లో పోయింది. నాకు తల్లి పోయినట్టే అయింది. గడ్డిమోపు రేగుచెట్టు పక్కన ఉండిపోయింది, చివరిసారి తను లాగిపెట్టిన చోట. నేను కొలిచాను, ముప్ఫై ఒకటి. బావ రోజూ వరండాలోంచి ఒక్క బాణం వేసేవాడు, సగం రోజులు తప్పేది. "వేట రోజులొస్తున్నాయి, దగ్గరికి జరుపు బావా" అన్నాను. "అది సెల్మా పెట్టిన చోటు" అన్నాడు. వరసగా పది పడేదాకా అడవికి వెళ్ళనన్నాడు. వెళ్ళలేదు, రెండేళ్ళు. ఓ మార్చిలో మా ఇంటికొచ్చి, ఆరు వరసగా పడ్డాయిరా అన్నాడు, కట్టుడు పళ్ళు పెట్టుకోవడం కూడా మర్చిపోయి వచ్చాడు. ఏడోది చూద్దామని మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. విల్లు మెట్ల మీద ఉంది. మనిషి కుర్చీలోనే పోయి ఉన్నాడు. పక్కన కాఫీ కప్పు ఇంకా వెచ్చగానే ఉంది.

ఏడో బాణమా? ... పడిందో లేదో చూళ్ళేదు. రేగుచెట్టు వైపు చూళ్ళేదు నేను.

సరే, లే. ఆ గోడ వైపు తిరిగి నిలబడు. గడ్డిమోపు ఎక్కడ పెడతానో చూడకు.