పస్తులమ్మ

జాలా? ఇంకోసారి అను. జాలేసిందా నీకు?

చేపల మీద జాలి! ఆహా, వినడానికి ఎంత బాగుందో. పొద్దున్నుంచి నీళ్ళలో చేపలు పెంచే ఆ వలపంజరం అంచున నిలబడి, చచ్చిన చేపల్ని తోడి డబ్బాల్లో పోసొచ్చాను నేను. రెండుసార్లు సబ్బేసి తోమినా చేతులు ఇంకా కంపు కొడుతున్నాయి. నేనొచ్చేసరికి తమరు సోఫాలో కాళ్ళు జాపుకుని, "పాపం, నోళ్ళు తెరుచుకుని పైకొచ్చాయే, చూళ్ళేకపోయాను" అంటారా?

తలుపు వైపు చూడకు. పిల్లలు కింద వాటా వాళ్ళింట్లో ఉన్నారు. నేనే పంపాను. వాళ్ళ ముందు అరవకూడదని పంపాను. కాబట్టి ఇప్పుడు అరుస్తాను.

ఇదిగో. ఇదేంటో చెప్పు.

మగ్గు. అవును, మగ్గే. ఎక్కడి మగ్గు? మన బాత్రూంలో మగ్గు. పిడి విరిగింది, నువ్వే దారం చుట్టావు. వారం నుంచి కనబడక పిల్లలిద్దర్నీ తిట్టాను కూడా. ఎక్కడ దొరికిందో తెలుసా? నీ పడవలో, సీటు కింద. అడుగున మేత పొడి ఇంకా అంటుకునే ఉంది, చూడు. మొహం తిప్పుకోకు, చూడు!

షెడ్డులో కొలత డబ్బా లేదా మేతెయ్యడానికి? ఉంది. షెడ్డు తాళం నా దగ్గరుంది. అందుకని ఇంట్లోంచి మగ్గు పట్టుకెళ్ళావు. అంటే నీ జాలి నిన్న ఆ నీళ్ళ మీద, ఆ నోళ్ళు చూసి పుట్టిన జాలి కాదన్నమాట. వారం నుంచీ రోజూ ఇంటి దగ్గర్నుంచే బయల్దేరుతోంది, మగ్గు చేత్తో పట్టుకుని!

ఒట్టా? ఎవరి మీద? వద్దులే.

వారం నుంచీ నేనేసిన మేత సగం తిని సగం వదిలేస్తున్నాయవి. నాకు భయం పట్టుకుంది. జబ్బేమో, నీళ్ళలో ఏమైనా కలిసిందేమో, కొత్త మేత పడట్లేదేమో. నిన్ను కూడా అడిగాను, గుర్తుందా? వంటింట్లో, నువ్వు టీ తాగుతుంటే. "ఏంటో, చేపలు కూడా నీ వంటకి భయపడుతున్నాయి" అన్నావు. నవ్వాను నేను. నవ్వాను చూడు, అది తల్చుకుంటే ఒళ్ళు మండిపోతోంది.

పొట్ట కోసి చూశానులే. చచ్చినవాటిలో పెద్దదాన్ని తీసి, అక్కడే, మేనేజరు ముందే కోశాను. లోపల ఏముంది? పాత మేత. నేను మాన్పించి షెడ్డు వెనక పడేయించిన పాత మేత, జిడ్డు కారుతూ. కొత్త గుళికలకీ వాటికీ తేడా తెలియనంత గుడ్డిదాన్నా నేను?

ఏంటీ? అవి దాన్నే ఇష్టంగా తింటాయా?

తింటాయి. ఎందుకు తినవు? అంత నూనె పోస్తే ఎవరు తినరు? తిని ఇంతింత లావెక్కుతాయి. చూసినవాళ్ళంతా "అబ్బ, ఏం పెరిగాయండీ" అంటారు. పెరిగింది ఎక్కడ? కండలో కాదు, పేగుల చుట్టూ, కాలేయంలో. పోయిన పంటలో కోస్తే నీకు చూపించలేదా? ఎర్రగా ఉండాల్సిన కాలేయం వెన్నముద్దలా తెల్లబడి, వేలు పెడితే చితికిపోయింది. అందుకే మేత మార్పించాను. నూనె తగ్గించి చేపపొడి పెంచాను. మొదట్లో పెరగలేదు, నిజమే. ఆఫీసులో అందరూ నవ్వారు. తరవాత నెమ్మదిగా వీపు గట్టిపడింది, కండ పట్టింది. ఈ మూడో పంజరం ఇవాళ తూకంలో నిలబడితే పంజరాలన్నీ నా మేతకే మార్చేస్తామన్నారు.

అందుకే సైజులు వేరు చేసే ముందు నిన్నంతా వాటిని పస్తు పెట్టాను. ఎందుకు పెడతామో తెలీదా నీకు? ఇన్నేళ్ళుగా పడవ నడుపుతున్నావు! వల పైకి లాగి అన్నిటినీ ఒక్క మూలకి తోస్తాం. ఇరుకు, కంగారు, ఊపిరి చాలదు. తిన్నది అరగాలన్నా వాటికి ఊపిరే కావాలి. కడుపు ఖాళీగా ఉంటే ఉన్న కాస్త ఊపిరితో ఆ గంటా గట్టెక్కుతాయి. నిండుగా ఉంటే? లోపల అరుగుదల లాక్కుంటుంది, బయట ఇరుకు లాక్కుంటుంది. ఇంకేం మిగులుతుంది?

అసలు నిన్న సాయంత్రం గాలన్నది ఉందా? నీళ్ళు గోరువెచ్చగా, నూనె పోసినట్టు కదలకుండా పడి ఉన్నాయి. అవి పైకొచ్చి నోళ్ళు తెరిచింది తిండి కోసం కాదయ్యా మహానుభావా! ఊపిరాడక! గాలి అడిగితే అన్నం పెట్టావు.

పెట్టి, చుట్టూ చూసుకున్నావా, ఎంత మంచోణ్ణో అని?

లేదులే, ఊరికే అన్నాను అనుకోకు. ఊరికే అనలేదు.

చిన్నదాని సంగతి మాట్లాడదామా? అదీ ఇదీ ఒకటేనా అంటావా? నాకు ఒకటే. రెండో అంతస్తు దగ్గర ఆగిపోతోంది పిల్ల, రొప్పుతోంది. దాని తోటివాళ్ళు పైకెళ్ళి మళ్ళీ కిందకొచ్చేస్తున్నారు, ఇది మెట్ల మీద కూలబడి షూ లేసు కట్టుకుంటున్నట్టు నటిస్తోంది. లేసు ఊడలేదు! నేను చూశాను. బరువు తగ్గించాలని డాక్టరు చెప్పింది మనిద్దరికీ కాదా? తలూపావు కదా అక్కడ? ఇంటికొచ్చాక ఎవరు కొలిచి పెట్టాలి? నేను. వద్దని ఎవరనాలి? నేను. అది ఏడుస్తూ పడుకుంటే గోడకి తిరిగి ఎవరు పడుకోవాలి? నేనే. నీ పడవ సంచీలోంచి మాత్రం చిప్స్ పొట్లాలు వస్తాయి. "అమ్మకి చెప్పకు." ఆ ఒక్క మాట చాలు, పిల్లలకి దేవుడివైపోవడానికి.

అది కూడా సగం అన్నం వదిలేస్తోంది ఈ మధ్య. అప్పుడూ జబ్బేమో అనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో చూడు, ఒకే మగ్గుకి రెండుచోట్ల మోసపోయాను.

ఒడ్డు మీద వాళ్ళు నన్ను పస్తులమ్మ అంటారని తెలుసు. అనుకోనీ. మొన్న చిన్నది అంది. చెంచా పక్కన పడేసి, "పో, పస్తులమ్మా" అంది. దానికెవరు నేర్పారు? అది ఎప్పుడూ ఒడ్డుకి రాలేదే. నువ్వు నవ్వావు. వార్తలు చూస్తున్నట్టు మొహం పెట్టి, కడుపులో నవ్వుకున్నావు. నీ భుజాలు కదిలాయి.

మనవాళ్ళెవరూ లేని ఈ చోట, పిల్లలకి చెడ్డదాన్ని నేనొక్కదాన్నే కావాలా? నీకు ఒకపూటైనా వంతు రాదా?

సరే. అసలు సంగతి విను.

మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. ఫ్యాను కూడా వెయ్యలేదు. "మేతకి బాధ్యత మీది. ఆ పాత మేత వేసిందెవరు? పేరు చెప్పండి, లేకపోతే మీరే అనుకుంటాను" అన్నాడు. అప్పటికి మగ్గు నా దగ్గరే ఉంది. లైఫ్ జాకెట్టు లోపల దాచాను. ఎందుకు దాచాను? ఏమో. మొగుడివి కదా, చెయ్యి దానంతటదే దాచింది.

పిడి పక్కటెముకకి గుచ్చుకుంటోంది. నువ్వు చుట్టిన దారం తగులుతోంది. ఆకలితో మాడ్చిన మనిషినని అనిపించుకున్నాను, ఇంటా బయటా. చంపిన మనిషి కూడా నేనేనా?

తీసి బల్ల మీద పెట్టాను. ఎవరిదో చెప్పాను.

అలా చూడకు. నీ పేరే చెప్పాను. మా ఆయన అని కూడా చెప్పాను, వాళ్ళకి తెలియనట్టు. రేపు పొద్దున వచ్చి పడవ తాళాలు ఇచ్చేయమన్నాడు. మగ్గు మాత్రం, "ఇది మీ ఇంట్లో వస్తువేగా, తీసుకెళ్ళండి" అని నా చేతికిచ్చాడు.

ఇప్పుడేమైనా అంటావా? వచ్చినప్పట్నుంచీ అదే జాలి, అదే పాపం. అంతేనా ఇంక?

అనకు. పైకొస్తున్నారు పిల్లలు, అడుగులు వినబడుతున్నాయి. రెండో అంతస్తు దగ్గర ఆగాయి, విన్నావా?

లే. చేతులు కడుక్కుని కూర్చో, అన్నం పెడతాను.

కొలిచే పెడతాను.