గడ్డి మిషను మూత

వినగడపలో ఆవుల్ని అమ్మేశాక మధుసూదనరావు గొడ్ల కొట్టంలోని ఇనుమంతా వాకిట్లోకి వచ్చింది. కొనడానికి తిరువూరు నుంచి పాత సామాన్ల ఉమాశంకర్ శెట్టి ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు. మధుసూదనరావుకి పొద్దున్నుంచీ ఒకటే తొందర, ఆ గడ్డి కోసే మిషను గేటు దాటిపోవాలని. బేరం మాత్రం ఆయన చేతిలో లేదు, ఇంట్లో పనిచేసే రూతు చేతిలో ఉంది. ఆమెకి కుడిచెయ్యి మణికట్టు నుంచి లేదు గానీ, నోరు మాత్రం నాలుగు చేతుల పెట్టు.

"ఆగండాగండి శెట్టిగారూ! మోటారుని ఇనుములో కలిపి కాటా మీద పెట్టేస్తారేంటి? లోపల రాగి తీగ లేదూ?"

"అబ్బో, రాగి సంగతి నీకెవరు చెప్పారు రూతమ్మా?"

"ఒకరు చెప్పాలా? పోయినేడు పొలాల్లో మోటార్లు పగలగొట్టి దొంగలు పట్టుకెళ్ళింది రాగినా, బెల్లాన్నా? విడిగా తూయండి. ఆ మందు కొట్టే పంపుకున్న ఇత్తడి గొట్టం కూడా ఊడదీసి పక్కన పెట్టండి. బాబుగారు ఊరుకుంటారని అన్నీ ఒకే గాటన కట్టేస్తే ఎట్టా?"

"ఏంటండీ రావుగారూ, ఈవిడ్ని నా మీదకి వదిలారు?"

"పోనీలే రూతూ. ఎంతిస్తే అంత. శంకరూ, ముందు ఆ గడ్డి మిషను బండెక్కించవయ్యా. మిగతావి తర్వాత చూసుకోవచ్చు."

"ఎంతిస్తే అంతేంటి బాబుగారూ! అమ్మగారు విజయవాడ వెళ్తూ నాకేం చెప్పారు? 'ఆయన మెతక మనిషి, మొహమాటానికి పోతారు, నువ్వు పక్కనుండవే' అన్నారా లేదా?"

"అన్నదిలే. ఎత్తవయ్యా శంకరూ."

"ఉండండి రావుగారూ, దీన్ని ఇనుము కింద ఎత్తడానికి నాకే మనసొప్పడం లేదు. చక్రం నున్నగా తిరుగుతోంది. బ్లేడ్లు బాగున్నాయి. గడ్డిని లాక్కునే రోలర్లు కూడా అరగలేదు. తుక్కులో వేస్తే పాపం తగుల్తుందండీ."

"తగిలితే నాకు తగుల్తుంది. తూయి."

"అది కాదండీ. గంపలగూడెంలో ఒకాయన కొత్తగా డెయిరీ పెట్టాడు, ఇలాంటి మిషను కోసమే తిరుగుతున్నాడు. నడిచే మిషనుగా అమ్మితే ఇనుము ధరకి మూడింతలు. మీకూ లాభం, మధ్యలో నాకూ నాలుగు డబ్బులు."

"విన్నారా బాబుగారూ, మూడింతలంట! నా చెయ్యి తిన్న మిషను శెట్టిగారూ ఇది. ఊరికే పోనిస్తానా? వడ్డీతో సహా కక్కాల్సిందే."

"అయ్యో రూతమ్మా, నీ చెయ్యి ఇందులోనేనా?"

"నా పరాకేలెండి. గడ్డి పెడుతూ ఏదో ఆలోచిస్తా ఉన్నానంట. బాబుగారు చూశారు. ఆయనే స్విచ్చి ఆపకపోతే మనిషినే ఉండేదాన్ని కాదు. సరే, ఆ మూడింతల మాట చెప్పండి."

"ఒక్కటే తక్కువమ్మా. గడ్డి పెట్టే తొట్టి మీద మూత రేకు ఉండాలి. అది లేందే ఆయన కొనడు. ఎక్కడుంది రావుగారూ?"

"లేదు."

"పోయిందా?"

"రాలేదు. అసలు కంపెనీ వాడే ఇవ్వలేదు. ఆ రోజుల్లో ఇచ్చేవాళ్ళు కాదు."

"ఇవ్వకపోవడమేంటండీ? ఇవిగో, బోల్టులకి కన్నాలున్నాయిగా, ఇటూ అటూ."

"కన్నాలుంటే రేకు ఉండాలని ఉందా? ఎండ ముదురుతోంది, ఇనుము కిందే తూసెయ్. నాకు మూడింతలూ వద్దు, ఆరింతలూ వద్దు."

"బాబుగారూ, మీరట్టా నీడకి కూర్చోండి. ఏంటా చెమటలు! శెట్టిగారూ, ఆ రేకు ఎట్టా ఉంటదండీ?"

"ఇంత పొడుగున, వంపు తిరిగి ఉంటుంది. మిషను రంగే, పచ్చరంగు. అంచుల్లో బోల్టులు బిగించడానికి చెవులుంటాయి."

"పచ్చదా? ఓరి దేవుడా, అదైతే చూశానండీ! మొన్న అటక దులుపుతుంటే గోనెసంచిలో చుట్టి ఉంది. ఎవరో పనివాళ్ళు మర్చిపోయిందేమో అనుకున్నా."

"రూతూ, అది ఇది కాదు."

"ఇదేనండీ, చెవులు కూడా ఉన్నాయి."

"కాదని చెప్తున్నానా! అది కూలర్‌ది. పాత కూలర్‌ది. నువ్వు నిచ్చెనెక్కద్దు, ఒంటిచేత్తో పడతావు. రూతూ! ఏయ్, రూతూ!"

"వెళ్ళిపోయింది రావుగారూ. ఇంత కంగారెందుకు మీకు? దొరికితే మంచిదేగా."

"శంకరూ, నీకు దణ్ణం పెడతా. అది తెచ్చాక ఈ మిషనుది కాదని చెప్పు. సైజు చాలదని చెప్పు. ఏదో ఒకటి చెప్పు."

"ఎందుకండీ?"

"రేకు ఉంటే మోపులు ఇరుక్కుంటున్నాయని, పని సాగట్లేదని, కొన్న వారంలోనే ఊడదీయించా. ఆమె పనికి రాకముందే. చెయ్యి పోయాక తీసుకెళ్ళి అటకెక్కించా. పెద్దమనుషులు అడిగితే, రేకు రాలేదన్నా. పిల్ల పరాకుగా ఉందన్నా. ఇన్నేళ్ళూ ఆ మాట మీదే తలెత్తుకుని తిరిగా. సిగ్గు విడిచి చెప్తున్నా, ఈ ఒక్కసారికి కాపాడు."

"మరి దాన్ని ఎక్కడో పారేయక ఇంట్లో దాచుకోవడమేంటండీ?"

"కొత్త రేకయ్యా. ఎప్పుడన్నా మిషను అమ్మితే రేటొస్తుందని..."

"ఛీ. రావుగారూ!"

"అను. నన్ను నేను రోజూ అనుకునేదే. ఇదిగో వస్తోంది, నోరు మెదపకు."

"ఇదిగోండి! బూజు తప్ప దీనికేం కాలేదు. పట్టండి శెట్టిగారూ. కూలర్‌దంట! బాబుగారికి మతిమరుపు మరీ ఎక్కువైంది."

"ఇది... సైజు చాలదేమో రూతమ్మా."

"మూడింతలు ఎగ్గొట్టడానికి కబుర్లా? ఉండండి, నేను పెడతా. ఈ చెవి ఈ కన్నంలో. ఆ చెవి ఆ కన్నంలో. చూడండి ఎట్టా కూర్చుందో, పుట్టిన కాడి నుంచి ఇక్కడే ఉన్నట్టు! ఏంటి, ఇద్దరూ అట్టా బిగుసుకుపోయారు? ఇదిగో, ఈ కిందపడ్డ గడ్డి ఇట్టా పెడితే, ఇట్టా లోపలికి..."

"రూతూ, చాల్లే. ఇటు రా."

"బాబుగారూ. చెయ్యి పట్టట్లేదండీ."

"ఇటు రమ్మంటున్నానా."

"గడ్డి పోతోంది. చెయ్యి పోవట్లేదు. ఎంత తోసినా వేళ్ళు రోలరుకి అందట్లేదు."

"రూతమ్మా, నువ్వు పక్కకి రా, నేను చూస్తాను."

"మీరుండండి శెట్టిగారూ. బాబుగారూ, ఆ రోజు ఇది ఇంట్లో ఉందా?"

"ఎండలో ఎందుకు, లోపలికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఉందా?"

"ఉంది."

"మా అమ్మ చచ్చేదాకా నన్నే తిట్టిందండీ, ఒళ్ళు తెలీనిదానా అని. పంచాయితీలో నేనే లేచి చెప్పా, బాబుగారి తప్పేం లేదు, నాదే పరాకని. నిజంగానే ఏదో ఆలోచిస్తున్నానేమో అనుకున్నా. ఏం ఆలోచించానా అని ఇన్నేళ్ళూ వెతుక్కున్నా."

"తెలుసు. నువ్వు చెప్తుంటే తల వంచుకుని విన్నా. రూతూ, ఈ సామాను డబ్బంతా నువ్వే తీసుకో. శంకరూ, ఆమె చేతికే ఇచ్చెయ్. ఇంకా ఏం కావాలన్నా అడుగు. తిట్టు. ఊరంతా చెప్పు. అట్టా ఊరికే నిలబడకు, చూడలేకపోతున్నా."

"డబ్బు సంగతి కాదండీ. నన్ను మీ చేతుల మీద మోసుకుని తిరువూరు ఆస్పత్రికి పరిగెత్తారే, ఆ రోజు నేను కడుపుతో ఉన్నా. ఇద్దర్నీ బతికించిన పుణ్యాత్ముడని, పాస్టరుగారు వద్దంటున్నా వినకుండా నా కొడుక్కి మీ పేరే పెట్టుకున్నా. ఇప్పుడు ఇంటికెళ్ళి వాణ్ణి ఏమని పిలవనండీ?"