అన్నీ ఆటీన్లే

సూట్‌కేసు అటక మీదనే ఉండనీయే త్రివేణీ, జర ఆగు! ట్రాన్స్‌ఫర్ ఆర్డరు ఇంకా చేతికి రాలే. వస్తది, ఎందుకు రాదు? అయినా మనిషి చెప్పేది వినకుండ చీరెలు మడతపెడ్తవేందే?

నేను పోయింది జూదానికా? రచనకు నారాయణగూడ కాలేజీల సీటు దొరికి నెలన్న కాలే, చిక్కడపల్లి నుంచి నడుసుకుంట పోతున్నది పిల్ల. ఇప్పుడు నన్ను ఆదిలాబాద్ పొమ్మంటే ఎట్ల? కొత్త సారు బొంబాయి మనిషి, ఆదివారం పోకర్ ఆడుతడు, గెలిస్తే అడిగింది కాదనడు. ఆఫీసంత అదే మాట. మంచిగ ఓడిపోయి అడుగుదామని పోయిన. తప్పా?

ఆట అశోక్ నగర్ల ఉమాకాంత్ నేర్పిండు, వాని ఎస్టీడీ బూత్‌ల కూసోని. ఐదు ముక్కలు పంచుతరు. పందెం కట్టాలె. పనికిరానివి ఇచ్చి కొత్తవి తీస్కోవాలె. మళ్ల పందెం. అవతలోడు పెంచితే మనం అంత కట్టాలె, లేకుంటే ముక్కలు పడేసి తప్పుకోవాలె. చేతిల ఏం లేకున్నా ఉన్నట్టు పెంచొచ్చట! జతలు, ఒక్క నంబరువి మూడు, సీక్వెన్సు... దాని మీదిది ఏదో చెప్తుండంగ ఫోన్ చేసుకునెటోళ్లొచ్చిండ్రు. రమ్మీ తెలిసినోన్ని గదా, గింత చాలనుకున్న.

అట్ల సూడకు. పందెం అగ్గిపుల్లలే.

ఓడుతనే ఉన్న, సారు ఖుషీల ఉన్నడు. ఆఖరి ఆటల నాకు రెండు, ఐదు, తొమ్మిది, జాకీ, రాజు. అన్నీ ఆటీన్లే, ఒకదానికొకటి పొత్తు లేదు. రమ్మీల గసొంటి చెయ్యొస్తే ఏం జేస్తం? డ్రాప్! ముక్కలు మార్చుకుంటవా అన్నడు. ఓడెటోనికి మార్చుడెందుకు? వద్దన్న. ఆయన పెంచినకొద్ది నేనూ పెంచిన, ఉన్న పుల్లలన్నీ నూకిన. సారు సీక్వెన్సు పరిచిండు. నేను దండం పెట్టినంత పని చేసి నావి పరిచిన.

ఆయన మొఖం మాడిపాయె. ఐదుకు ఐదు ఆటీన్లుంటే సీక్వెన్సును కొడ్తదట! నాకేం ఎరుక?

"కొత్తోన్ని అన్నవ్ గద జగన్మోహన్? ఇంత పక్కా ఆటగానివి, నాతోని నాటకమాడ్తవా?" అన్నడు హిందీల.

తెల్వదు సార్, తప్పయింది అంటే అయిపోతుండె. నోటిదాక వచ్చింది కూడ. కానీ ఆ పుల్లల కుప్ప నా దిక్కు జరిపిండు సూడు... ఇన్నేండ్ల నౌకరిల నేను ఏ సారు మీద గెలిచిన, చెప్పు? నవ్వొచ్చింది. ఆపుకున్న, ఆగలే. పకపక నవ్విన, ఆయన మొఖం మీదనే.

ఇగ కొట్టు, తిట్టు, నీ ఇష్టం. పిల్లకు మాత్రం నువ్వే చెప్పు. నాకు లోపల ఇంకా సంబురంగనే ఉన్నదే, ఏం జెయ్యాలె?