విశ్రాంతి తీసుకుని గెలిచిన పరుగు

కూర్చోవే కోడలు పిల్లా, ఆ బూట్లు తర్వాత తొడుక్కుందువుగానీ. ఫైర్ స్టేషన్ ఉద్యోగానికి పరుగు పరీక్ష పది రోజుల్లో ఉందని నాకూ తెలుసు. వారంలో ఏడు రోజులూ పరిగెత్తి ఆ మోకాలు ఎలా వాచిందో చూడు. ఇప్పుడు మళ్లీ బయల్దేరావంటే పరీక్ష రోజుకి మంచం మీదుంటావ్. మీ అమ్మేమో కుట్టు మిషన్ ఆపదు, మన కొట్లో కాజాలు కుట్టే పెద్దాయన తలెత్తడు, కనీసం నువ్వైనా విను.

నీ వయసులో నేనూ అదే పరీక్షకి వెళ్లా. వారానికి మూడు రోజులే పరుగు. సోమవారం గట్టిగా, మంగళవారం మెల్లగా నడక, బుధవారం పూర్తిగా విశ్రాంతి. విశ్రాంతంటే అలాంటిలాంటిది కాదు. నా కనురెప్పలు కూడా మీ అమ్మే వేసి తీసేది.

"నేనా?" అంది అక్క.

నువ్వేలే అక్కా, మర్చిపోయుంటావ్. అలా పడుకుని గురువారం లేచి పరిగెడితే, సిటీ బస్సు వెనకబడిపోయింది. డ్రైవరు తల బయటపెట్టి, బాబూ కాస్త నెమ్మదిగా పో, ప్యాసింజర్లు నన్ను తిడుతున్నారు అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?

"బస్సు నిన్నెక్కించుకుంది," అన్నాడు పెద్దాయన దారం కొరుకుతూ.

దొరికితేగా ఎక్కించుకోవడానికి! రెండో వారం ఇంకో రోజు విశ్రాంతి కలిపా. ఒంట్లో బలం మరీ ఎక్కువై మంచం కోళ్లు నేలలోకి దిగబడిపోయాయి, నలుగురొచ్చి తవ్వి తీశారు. ఇక పరీక్ష రోజు ఆఫీసరు ఈల ఊదాడా, అది నా చెవిన పడేసరికి నేను అవతలి గీత దగ్గర నీళ్లు తాగుతున్నా. నాలుగు చుట్లు తిరగమన్నారు. మూడో చుట్టులో నా ముందు ఎవడో పోతున్నాడు. ఎవడ్రా వీడని చూస్తే, నా వీపే. సొంత మనిషిని దాటడం బాగుండదని ఊరుకున్నా.

కోడలు పిల్ల నవ్వింది. "మరి ఉద్యోగం ఎందుకు రాలేదు మామయ్యా? గోడలకి రంగులెందుకేస్తున్నావ్?"

అదీ చెప్తా, ఆ ఆఫీసరు నా వేగం చూసి హడలిపోయి...

అక్క మిషన్ ఆపింది. "వాడు ఆ రోజు పరిగెత్తనే లేదే. నీలాగే రోజూ పరిగెత్తాడు, మీ తాతయ్య వద్దంటే వినలేదు. ఆ పొద్దున కాలు కింద పెట్టలేకపోతే, తాతయ్య సైకిలెక్కించుకుని పరీక్ష మైదానం గేటు దాకా తీసుకెళ్లి, మళ్లీ ఇంటికి తెచ్చాడు. దారంతా ఏడుస్తూనే ఉన్నాడు వీడు."

పెద్దాయన తలెత్తి నా వంక చూశాడు.  

"అవును," అన్నా.

కోడలు పిల్ల బూట్లు పక్కకి నెట్టి, స్టూలు లాక్కుని కాలు దాని మీద పెట్టుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఎన్ని రోజులు విశ్రాంతి మామయ్యా?"

"మూడు. ఆ తర్వాత రోజు విడిచి రోజు పరుగు."

"మూడేనా?"

"మూడేనమ్మా. ఇందులో ఒక్క కోత కూడా కలపలేదు."