తౌనో తుఫానును నిలబెట్టిన ఒడ్డు

మా కాఫీ కొట్లో చెట్లు కొట్టే తౌనో గొప్పలు చెప్పడానికి నోరు విప్పితే నేను కప్పులు కడగడం కూడా ఆపేస్తాను. ఆ రోజు మాత్రం నాకు భయం వేసింది. మూల బల్ల దగ్గర చేపలు పట్టే హిల్మా కూర్చుని ఉంది. సరస్సు పక్కన ఆమె సొంత ఒడ్డున సూదుల్లాంటి ఆకులున్న నలభై స్ప్రూస్ చెట్లు పోయాయి. మర్నాడు అటవీ అధికారి వస్తాడు. తుఫానుకు పోయాయని రాసుకుంటే, మళ్ళీ నాటే పూచీ ఎవరికీ ఉండదు.

"గురువారం నేను చెట్లు కొట్టే యంత్రం మీద ఉన్నా," అన్నాడు తౌనో. "గాలి లేచింది చూడండీ, మామూలుది కాదు! హిల్మా గారి చెట్లు ఊగుతున్నాయి. అవి పడితే మట్టంతా నీళ్ళలోకి జారదూ? ముయిక్కు చేపలు గుడ్లు పెట్టే రాళ్ళు పూడిపోవూ? ఆవిడ వలలో ఇంకేం పడుతుంది? అందుకే వంగిన చెట్టును యంత్రం చేత్తో పట్టి నిలబెట్టేశా."

"దానికి ఒక్క చెయ్యేగా?" అన్నాడు రంపపు మిల్లు పెంటి.

"రెండో చెట్టును నా చేత్తో పట్టుకున్నానయ్యా! మూడోది వీపుతో ఆపా. మిగతావన్నీ ఒకే గొలుసుతో నడుముకు కట్టుకుని, యంత్రాన్ని నీళ్ళ మీదికి నడిపి గాలికి ఎదురు నిలబడ్డా. గాలి జడిసి స్వీడన్ వైపు తిరిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పు."

"కాఫీ ఫ్లాస్కు మూత తీద్దామని ఒక్క క్షణం వదిలా. నలభైకి నలభై పడిపోయాయి! తప్పు గాలిది."

పెంటి నవ్వబోయి ఆగాడు. హిల్మా లేచింది.

"గాలికి పడిన చెట్టు వేళ్ళతో సహా పెకలి వస్తుంది తౌనో. నా ఒడ్డున ఒక్క వేరూ పైకి రాలేదు. మొదళ్ళు కంచాల్లా నున్నగా ఉన్నాయి. నీ గాలి రంపం కూడా వెంట తెచ్చుకుందా?"

తౌనో మొహం మాడిపోయింది.

"రిబ్బన్లు కట్టిన చెట్లు కొట్టాల్సినవనుకున్నా," అన్నాడు చివరికి, నాకే సరిగా వినపడనంత మెల్లగా. "ఒడ్డు జారకుండా వదిలెయ్యాల్సిన చెట్లకే ఆ రిబ్బన్లని సగం కొట్టాక గుర్తొచ్చింది."

"అప్పుడు ఆపావా?"

"లేదు. ఆపితే అందరికీ తెలిసిపోతుందని..."

హిల్మా కోటు గుండీలు పెట్టుకుంది.

"రేపు పది గంటలకు అధికారి వస్తాడు. ఆయనకిదే చెప్పు. ఇందాక తుఫాను గురించి చెప్పావే, అంత గట్టిగా."