కొమ్ముకి కట్టిన ఫోను

సన్యాసమ్మ కొడుకు నూకరాజు లేడూ, డిగ్రీ చదివేవోడు, వాడు పరీక్ష తప్పాడంట. ఈసారి కూడా తప్పితే కాలేజీ మానిపించి ఇటుకబట్టీకి తోలేస్తానని వాళ్ళ నాన్న తెగేసి చెప్పాడంట. సన్యాసమ్మ చదవరా చదవరా అని పోరుతూనే ఉంది. వీడికేమో పట్టదు, పొద్దస్తమానం మంచం మీద పడుకుని ఫోను చూసుకోడమే అనుకో. అంతలో ఏమైందంటే, కాలేజీలో ఆటల మాస్టారు, రోజూ నడవండర్రా, ఎంత నడిచారో మీ ఫోనే లెక్క పెడతాది, నడిచినోళ్ళకి మార్కులేస్తానన్నాడంట. నడిస్తే వాడు నూకరాజెందుకవుతాడు? ఫోను పాతగుడ్డలో చుట్టి వాళ్ళింట్లో గేదె కొమ్ముకి కట్టాడు. మెడకెందుకు కట్టలేదంటే, గేదె నీళ్ళలో పడుకుంటే మెడ మునిగిపోతాది, కొమ్ము మునగదు. చూశారా, ఆ తెలివేదో చదువులో పెట్టొచ్చుగా. ఈగలు తోలుకోడానికి గేదె తలాడించినా అదీ అడుగేనని ఫోను రాసేసుకుందంట.

సన్యాసమ్మ గేదెను మేతకి తోలుకెళ్ళింది, ఫోనూ దాంతోపాటే పోయింది. వీడు మంచం మీద అటు పొర్లి ఇటు పొర్లి, ఫోను చూడకుండా ఉండలేక గేదె వెనకాలే వచ్చాడు. ఒక్కసారి తల వంచవే మా యమ్మా, అని బతిమాలితే అది కొమ్ము విసిరింది. గట్టు మీద ఊరికే కూచుంటే పొద్దెలా పోతాది? మర్నాడు... ఏం పట్టుకెళ్ళాడబ్బా, ఆ, పుస్తకం, పుస్తకం పట్టుకెళ్ళాడు. పరీక్షలదాకా గేదె వెనక తిరగడం, అది ఆగినచోట కూచుని చదవడం. పాసైపోయాడంట.

సన్యాసమ్మకి బుర్ర తిరిగిపోయింది. గేదె సంగతి తెలీని మాస్టారేమో, నడకమ్మా, నడిస్తే బుర్ర పనిచేస్తాది, అన్నాడు. మొగుడేమో, చేతిలో ఫోను లేదు గనక పాసయ్యాడన్నాడు. నేను చదివానే అమ్మా, అని కొడుకు. ఎవరి మాట కాదంటాది పాపం? ఇంతలో గేదెకి బేరమొచ్చి, మొగుడు పలుపు విప్పబోతే సన్యాసమ్మ అడ్డంగా నిలబడిందంట.

"ఒట్టిపోయిన గేదెని పెట్టుకుని ఏం చేస్తావే?"

"దేనివల్ల పాసయ్యాడో తేలాలి కదయ్యా. అందాకా ఈ ఇంట్లోంచి ఏదీ కదలకూడదు."

అంతే, మళ్ళీ అదే గుడ్డ, అదే కొమ్ము, వెనకాల పుస్తకంతో నూకరాజు. దేనివల్లో ఇప్పటికీ తేలలేదంట, నాకూ తేలలేదు. తేలిందల్లా ఒకటే. ఆ ఏడు నడకలో కాలేజీ మొత్తానికి ఫస్టొచ్చింది గేదె, కప్పు తెచ్చుకున్నది నూకరాజు.